నీళ్ళ మంచిచెడ్డలు పెన్ను చెప్పదు

నిజామాబాద్ నుంచి మాక్లూర్ దాకా ఏ ఊళ్ళోనైనా వాటర్ ప్లాంటు ముందు నిలబడి, ఈ నీళ్ళు తాగొచ్చా అని అడిగి చూడండి. జవాబుగా ఒక పెన్ను బయటికొస్తుంది. దాన్ని గ్లాసులో ముంచి, "చూడుండ్రి సార్, నలభై ఐదు. గింతకన్న మంచి నీళ్ళు యాడ దొరుకుతయి?" అంటాడు ప్లాంటాయన. అడిగినాయన తృప్తిపడి ఇరవై లీటర్ల క్యాను నింపుకొని పోతాడు. అదే పెన్నును ఇంటి బోరు నీళ్ళలో ముంచితే ఎనిమిది వందలు చూపిస్తుంది. కాబట్టి అవి విషం, ఇవి అమృతం. ఈ లెక్క ఎంత పాతుకుపోయిందంటే, టీచర్లు, ఉద్యోగులు, సర్పంచులు కూడా తమ నీళ్ళ టీడీఎస్‌ను, అంటే కరిగిన మొత్తం ఘనపదార్థాల అంకెను, కులగోత్రాలు చెప్పినట్టు గర్వంగా చెబుతున్నారు.

దీని వెనకే ఇంకో మాట నడుస్తుంది. నీళ్ళు పరీక్షించడానికి ప్రత్యేకంగా కెమిస్టు దేనికి? మీటరుంది, కిట్టుంది, ఇంటర్ చదివిన పిల్లగానికి రెండు రోజులు నేర్పితే సరిపోతుంది. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి కూర్చోబెట్టి జీతమివ్వడం దండగ అని. రెండు మాటలూ తప్పే. మొదటిది రసాయనశాస్త్రం ముందు నిలవదు. రెండోది ఆ మొదటి తప్పు కడుపున పుట్టింది.

పెన్ను అసలు ఏం కొలుస్తుందో చూద్దాం. దాని కొసన రెండు చిన్న లోహపు కడ్డీలుంటాయి. నీళ్ళలో ఆ రెంటి మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో అదొక్కటే అది కొలుస్తుంది. వచ్చిన అంకెను 0.5 నుంచి 0.7 దాకా ఉండే ఏదో ఒక గుణకంతో హెచ్చించి, లీటరులో ఇన్ని మిల్లీగ్రాముల ఘనపదార్థాలు కరిగి ఉన్నాయని తెర మీద వేస్తుంది. మీ ఊరి నీళ్ళకు ఆ గుణకం ఎంత ఉండాలో దానికి తెలియదు. తయారుచేసినవాడు ఒకటి ఖాయం చేసి పంపాడు, అంతే. కరెంటును మోసే ఉప్పు, సున్నం, మెగ్నీషియం లాంటివాటినే అది పసిగడుతుంది. మోయనివి ఎంత కరిగినా దానికి ఆనవు.

బోధన్ చుట్టుపక్కల వాళ్ళకు దీన్ని రుజువు చేయడం చాలా తేలిక. గ్లాసుడు నీళ్ళలో పెన్ను ముంచి అంకె రాసుకోండి. అందులో నాలుగు చెంచాల చక్కెర వేసి బాగా కలిపి మళ్ళీ ముంచండి. గ్లాసులో షర్బత్తు తయారైంది, అంకె మాత్రం దాదాపు కదలదు. లీటరు లెక్కన చూస్తే సుమారు లక్ష మిల్లీగ్రాముల పదార్థం కొత్తగా కరిగింది. 'మొత్తం కరిగిన ఘనపదార్థాలు' కొలుస్తానని పేరు పెట్టుకున్న మీటరుకు ఆ కబురే అందలేదు. ఇప్పుడు చిటికెడు ఉప్పు వేయండి, అంకె గంతులేస్తుంది. పొలాల్లో చల్లే పురుగుమందులు, మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే వ్యర్థాలు చాలావరకు ఈ చక్కెర కోవలోవే. కరెంటును మోసేవి కొన్ని ఉన్నా, అవి లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటాయి కాబట్టి పెన్నుకు చిక్కవు. ఇక మలం నుంచి వచ్చే ఈ.కోలి బ్యాక్టీరియా సంగతి. తాగే నీళ్ళలో 100 మిల్లీలీటర్లకు ఒక్కటి కూడా కనిపించకూడదని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. 100 మిల్లీలీటర్లలో వెయ్యి ఉన్నా పెన్ను అదే నలభై ఐదు చూపిస్తుంది.

సరే, కరెంటు మోసే ఫ్లోరైడ్ సంగతైనా చెబుతుందా? లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చు, వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు అంటుంది ప్రమాణం. ఒక బోరులో 1 ఉంది, పక్క బోరులో 3 ఉంది అనుకుందాం. మొదటి నీళ్ళు తాగొచ్చు. రెండోవి ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళ మీద గారలు, పెద్దల కీళ్ళకు చేటు. ఈ రెండింటి మధ్య పెన్నుకు తెలిసే తేడా, ఫ్లోరైడ్‌తో పాటు వచ్చే సోడియాన్ని కలుపుకొన్నా, నాలుగైదు అంకెలు. మామూలు పెన్నుకు నూటికి రెండు పాళ్ళు అటూ ఇటూ కావడం సహజం. ఆరు వందల దగ్గర అంటే పన్నెండు అంకెల తేడా. రోగం తెచ్చే తేడా పెన్ను పొరపాటులోనే కలిసిపోతుంది.

అంకె ఒకటే చూసి అన్నీ తెలిసిపోయాయనుకోవడం ఈ ప్రాంతానికి తగని పని. ఎందుకంటే ఇదే సంగతిని బోధన్ శక్కర్‌నగర్‌లో మన పెద్దలు ఎప్పుడో తేల్చుకున్నారు. 1930ల చివర్లో మొదలై 2015 డిసెంబరులో మూతపడ్డ నిజాం షుగర్స్ నడిచిన కాలంలో ప్రతి చెరకు రైతు నోటా 'రికవరీ', అంటే చెరకు నుంచి వచ్చే చక్కెర పాలు, అన్న మాట ఉండేది. చెరకు ధర దాని మీద ఆధారపడి ఉండేది. రసంలో కరిగిన పదార్థమంతా కలిపి ఎంత ఉందో చెప్పేది బ్రిక్స్. అందులో నిజంగా చక్కెర ఎంతో చెప్పేది పోల్. బ్రిక్స్‌ను పొలం గట్టు మీదే చిన్న పరికరంతో చూడొచ్చు. పోల్‌కు ల్యాబు కావాలి, పోలారిమీటరు కావాలి, దాన్ని చదవగల కెమిస్టు కావాలి. బ్రిక్స్ ఎక్కువున్నంత మాత్రాన చక్కెర ఎక్కువున్నట్టు కాదని, రెండింటి నిష్పత్తి చూసి గానీ రసం శుద్ధత తేలదని చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన ఎవరైనా చెబుతారు. టీడీఎస్ నీళ్ళకు బ్రిక్స్ లాంటిదే. బ్రిక్స్ చూసి చెరకు పైసలు లెక్కగట్టమంటే రైతు ఒప్పుకునేవాడా? చెరకు కోసం కెమిస్టు కావాలన్న ఊళ్ళే, పిల్లలు తాగే నీళ్ళకు మీటరు చాలంటున్నాయి.

పెన్నుకు తోడు ఇంకో వేషం కూడా నడుస్తోంది. ఫిల్టరు అమ్మడానికి వచ్చిన కుర్రాడు నల్లా నీళ్ళ గ్లాసులో రెండు కడ్డీల పరికరం పెట్టి స్విచ్చి వేస్తాడు. నిమిషంలో నీళ్ళు గోధుమ రంగుకు తిరిగి, ముద్దముద్దగా బురద తేలుతుంది. పక్కన తన ఫిల్టరు నీళ్ళ గ్లాసు తేటగానే ఉంటుంది. ఇంటివాళ్ళు బెదిరిపోతారు. జరిగిందేమిటంటే, అందులో ఒక కడ్డీ ఇనుము. కరెంటు పారితే అది కరిగి తుప్పుగా తేలింది. నల్లా నీళ్ళలో ఉప్పులున్నాయి కాబట్టి కరెంటు పారింది, ఫిల్టరు నీళ్ళలో లేవు కాబట్టి పారలేదు. బురద నీళ్ళలోంచి రాలేదు, ఆయన కడ్డీలోంచే వచ్చింది. పదో తరగతి విద్యుద్విశ్లేషణ పాఠం గుర్తున్నవాడు కూడా దీన్ని పట్టుకోవాలి, కానీ ఊళ్ళకు ఊళ్ళే మోసపోతున్నాయి.

మాక్లూర్ నేల సంగతికి వస్తాను. పాత నిజామాబాద్ జిల్లాలో పడమట, బోధన్, జుక్కల్ వైపు దక్కన్ నల్లరాయి పరుచుకుంది. మిగతా చాలా భాగం గ్రానైటు, నైసు రాళ్ళు. గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. బోరు లోతుకు పోయేకొద్దీ, నీరు రాయిలో ఎక్కువకాలం నిలిచేకొద్దీ ఫ్లోరైడ్ కరిగే అవకాశం పెరుగుతుంది. ఇక్కడే రుచి మనల్ని మోసం చేస్తుంది. నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగుకు దిగుతుంది, అందుకే గట్టి నీళ్ళలో అది కొంత అదుపులో ఉంటుంది. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేటు ఎక్కువున్న నీళ్ళు నోటికి మెత్తగా, సబ్బుకు బాగా నురగ వచ్చేట్టు ఉంటాయి. ఫ్లోరైడ్ పెరగడానికి అనువైనవి ఆ నీళ్ళే. సౌడు నీళ్ళు పారబోసి మెత్తటి నీళ్ళు ఏరుకున్న ఇల్లాలు తెలియకుండానే ఎక్కువ ఫ్లోరైడ్ ఎంచుకొని ఉండొచ్చు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్యులు గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. నల్గొండ పేరు తెలియనివారు లేరు. ఆ ఊళ్ళ బావి నీళ్ళు చూడటానికి తేటగానే ఉండేవి.

ఇక నైట్రేటు. వరి, పసుపు, మొక్కజొన్న పండించే నేలలో యూరియా ఎంత పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. పంట తీసుకోగా మిగిలింది, పశువుల కొట్టాల నుంచి, మరుగుదొడ్ల గుంతల నుంచి ఊరేది కలిసి నైట్రేటుగా భూగర్భ జలాల్లోకి దిగుతుంది. ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు, దానికి సడలింపు లేదు. నైట్రేటు ఎక్కువున్న బావి నీళ్ళలో డబ్బా పాలు కలిపి పట్టిన పసిపిల్లల ఒళ్ళు నీలంగా మారుతుందని అమెరికాలో హంటర్ కోమ్లీ అనే వైద్యుడు 1945లో బయటపెట్టాడు. మన దగ్గర పసిబిడ్డకు నీళ్ళు కాచి పట్టమని చెబుతారు. క్రిములకు అది మంచి సలహానే. నైట్రేటుకు, ఫ్లోరైడ్‌కు మాత్రం ఎదురు తిరుగుతుంది. నీళ్ళు ఆవిరైపోయి అవి చిక్కబడతాయి. ఒక ఊరికి కాచుకోమనాలా, బోరు మార్చమనాలా అన్నది నీళ్ళలో ఏముందో తెలిస్తే గానీ చెప్పలేం. ఎనిమిది వందలన్న అంకెలో నైట్రేటు ఎంతో, మామూలు ఉప్పు ఎంతో పెన్ను విడదీయలేదు.

"అయితే కిట్లున్నాయి కదా?" అంటారు. ఉన్నాయి. జల్ జీవన్ మిషన్ కింద ఒక్కో ఊళ్ళో ఐదుగురు మహిళలకు కిట్లతో పరీక్ష చేయడం నేర్పాలన్నది పద్ధతి. అది మంచి పని, నేను దాన్ని తక్కువ చేయను. అనుమానం ఉన్న చోటు పట్టుకోవడానికి కిట్టు పనికొస్తుంది. తీర్పు చెప్పడానికి పనికిరాదు. ఫ్లోరైడ్‌ను రంగుతో చూసే పరీక్షనే తీసుకోండి. జిర్కోనియంతో కలిసిన ఎర్రటి రంగు ఫ్లోరైడ్ తగిలితే వెలిసిపోతుంది, ఎంత వెలిసిందో చూసి ఫ్లోరైడ్ ఎంతో చెబుతారు. నీళ్ళలో క్లోరిన్ మిగిలి ఉంటే అది కూడా రంగును వెలిసిపోయేలా చేస్తుంది, లేని ఫ్లోరైడ్ ఉన్నట్టు కనిపిస్తుంది. నీళ్ళలో పటిక తాలూకు అల్యూమినియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది, ఉన్న ఫ్లోరైడ్ లేనట్టు కనిపిస్తుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉండాలి, పటికతో తేర్చిన నీళ్ళలో అల్యూమినియం మిగలొచ్చు. ఈ అడ్డంకులు తెలిసినవాడు ముందు క్లోరిన్‌ను తొలగిస్తాడు, అవసరమైతే నీళ్ళను స్వేదనం చేసి తర్వాత కొలుస్తాడు, లేదా ఎలక్ట్రోడ్ వాడతాడు. తెలియనివాడు కనిపించిన రంగు రాసేస్తాడు.

కెమిస్టు పని ల్యాబులో మొదలు కాదు, నల్లా దగ్గర మొదలవుతుంది. బ్యాక్టీరియా పరీక్షకు క్రిమిరహితం చేసిన సీసా కావాలి. అందులో ముందే సోడియం థయోసల్ఫేటు వేసి ఉండాలి. లేకపోతే నీళ్ళలోని క్లోరిన్ దారిలోనే క్రిములను చంపుతూ పోయి, ల్యాబుకు చేరేసరికి 'మంచి నీళ్ళు' తయారవుతాయి. సీసా మంచులో రావాలి, ఇరవై నాలుగు గంటల్లోపు పరీక్ష మొదలవ్వాలి. సీసం లాంటి లోహాలు చూడాలంటే అదే సీసా పనికిరాదు. వేరే దాంట్లో పట్టి నైట్రిక్ ఆమ్లం కలపాలి, లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుపోతుంది. ఫ్లోరైడ్‌కు గాజు కాదు, ప్లాస్టిక్ సీసా. కూల్‌డ్రింకు బాటిల్ కడిగి నీళ్ళు పట్టి, బస్సులో కండక్టరుకిచ్చి పంపిన నమూనాను ఎంత గొప్ప యంత్రంలో పెట్టినా ఏం లాభం?

ల్యాబులో కఠినత్వానికి ఈడీటీఏతో టైట్రేషన్ చేస్తారు, ద్రాక్ష ఎరుపు నుంచి నీలానికి మారే ఆ క్షణాన్ని కన్ను పట్టాలి. క్లోరైడ్‌కు వెండి నైట్రేటు. నైట్రేటుకు 220 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతి, ఆపైన సేంద్రియ పదార్థం మోసం చేయకుండా 275 దగ్గర సవరణ. (పసుపు రైతులకు ఒక ముచ్చట: నీళ్ళలో బోరాన్ కొలిచే ప్రామాణిక పద్ధతుల్లో ఒకటి పసుపులోని కర్కుమిన్‌తోనే చేస్తారు, బోరాన్ తగిలితే అది ఎర్రబడుతుంది.) ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులే. పనిమంతుణ్ణి వేరు చేసేది ఆ తర్వాతి మెట్టు. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియంల ధనావేశం మొత్తం, బైకార్బొనేటు, క్లోరైడ్, సల్ఫేటు, నైట్రేటుల రుణావేశం మొత్తం సమానం కావాలి. అది ప్రకృతి నియమం. విడివిడిగా కొలిచిన ఎనిమిది అంకెలను తుల్యాంకాల్లోకి మార్చి రెండు వైపులా కూడితే, ఐదు శాతం లోపు తేడాతో కుదరాలి. కుదరకపోతే ఎక్కడో కొలత తప్పింది, లేదా మనం వెతకనిదేదో నీళ్ళలో ఉంది. మంచి కెమిస్టు ఆ కాగితం మీద సంతకం పెట్టడు, మళ్ళీ మొదలుపెడతాడు. ఏ పెన్నూ, ఏ కిట్టూ తన తప్పును తానే ఇలా పట్టుకోలేదు.

ఏం వెతకాలో తెలియడం ఇంకా పెద్ద విద్య. మంజీర సంగతే చూడండి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగు గుండా మంజీరలో కలిసేవి. ఆ మంజీరే కింద నిజాంసాగర్‌కు, కందకుర్తి దగ్గర గోదావరికి చేరుతుంది. అంటే ఆ నీళ్ళు మనవైపే వస్తాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించింది. ప్రపంచమంతా నివ్వెరపోయింది. ఆ నీళ్ళకు పరీక్షలు అంతకుముందూ జరిగేవి, కానీ మామూలు జాబితాలో యాంటీబయాటిక్ లేదు. ఏలూరులో 2020 డిసెంబరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడూ అంతే. మొదట నీటి పరీక్షల్లో మామూలు అంశాలన్నీ బాగున్నాయన్నారు. తర్వాత ఎయిమ్స్ వైద్యులు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, ఆపైన అనుమానం పురుగుమందుల మీదికి మళ్ళింది. జాబితా దాటి ఆలోచించేవాళ్ళు మొదటి రోజే ఉండాలి.

మరి ఆ మనిషికి ఏం అర్హత ఉండాలి? చట్టం ఈ ప్రశ్నను ఎప్పుడో అడిగి జవాబిచ్చింది. పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 ప్రకారం ప్రభుత్వ విశ్లేషకుడు కావాలంటే సైన్సు డిగ్రీతో పాటు పర్యావరణ పరీక్షలు చేసే ల్యాబులో ఐదేళ్ళ అనుభవం ఉండాలి, పీజీ అయితే రెండేళ్ళ అనుభవం. గమనించండి, చట్టం డిగ్రీ ఒక్కటే చాలనలేదు, అనుభవం ఒక్కటే చాలనీ అనలేదు. 1974 నాటి జల కాలుష్య చట్టమైతే, ఫ్యాక్టరీ వ్యర్థజలాల నమూనా ఎలా తీయాలో కూడా రాసింది. యజమానికి నోటీసివ్వాలి, నమూనాను రెండు భాగాలు చేయాలి, సీలు వేయాలి, ఇద్దరూ సంతకం చేయాలి. ఆ పద్ధతి తప్పితే ఫలితం కోర్టులో సాక్ష్యానికి పనికిరాదు. ఫ్యాక్టరీ కాలువ నీటికి ఇంత జాగ్రత్త రాసుకున్న దేశంలో, బిందెలో నీటికి 'ఎవరైనా చాలు' అనడం ఎక్కడి న్యాయం?

నా లెక్కలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి మెట్టే. దాని మీద రెండేళ్ళు అనుభవజ్ఞుడి కింద పనిచేయాలి. తెలిసిన నమూనాను తెలియనట్టు ఇచ్చి పరీక్షిస్తే సరైన జవాబు రావాలి. ఐఎస్ఓ 17025 ప్రకారం ల్యాబు గుర్తింపు పొందాలంటే ఇలాంటి పరీక్షల్లో నెగ్గాల్సిందే. బ్యాక్టీరియాకు వేరే మైక్రోబయాలజిస్టు ఉండాలి, ఒకే మనిషి నెత్తిన రెండూ వేయకూడదు. డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ కెమిస్ట్రీ చదివిన పిల్లలు చాలామంది హైదరాబాద్ మందుల కంపెనీల దారి పడతారు. సొంత జిల్లా నీళ్ళ మీద పని దొరికితే, ఏడాదికోసారి కొనసాగుతుందో లేదో తెలియని కాంట్రాక్టు కాకుండా నిలకడైన ఉద్యోగమైతే, అందులో కొందరైనా ఇక్కడే ఉంటారు.

ఖర్చు అంటారు. భగీరథ నీళ్ళు శుద్ధి చేసే వస్తున్నాయి కదా, మళ్ళీ కెమిస్టు ఎందుకంటారు. శుద్ధి కేంద్రం దగ్గర బాగున్న నీళ్ళు చివరి ఇంటి నల్లాకు చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో పైపు పగిలి మురుగు కలిసినా, ట్యాంకు కడగకపోయినా ఆ క్లోరిన్ తరిగిపోతుంది. క్యాను నీళ్ళకైతే ఆ కాపలా కూడా లేదు. ఆర్ఓ నీళ్ళలో క్లోరిన్ ఉండదు, కడగని క్యానులో రెండు రోజులు నిలవ ఉంటే క్రిములు పెరుగుతాయి, పెన్ను మాత్రం నలభై ఐదే చూపిస్తూ ఉంటుంది. పెన్నుకు ఒక న్యాయమైన పని ఉంది: ఆర్ఓ పొర చిరిగిందా లేదా అని ప్లాంటు యజమాని తెలుసుకోవడానికి అది చాలు. ఆ పని దాన్ని చేయనివ్వండి. ఇక ఖర్చు సంగతికి వస్తే, అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో ఖర్చు తగ్గుతుందని నీటి వనరు మార్చారు, పైపులు తినేసే గుణాన్ని అదుపు చేసే రసాయనం కలపలేదు, ఇళ్ళలోకి సీసం వచ్చింది. అధికారుల పరీక్షల్లో 71 నమూనాల్లో రెండింటిని పక్కన పెట్టడంతో అంకె పరిమితిలోకి వచ్చేసింది. వర్జీనియా టెక్‌కు చెందిన మార్క్ ఎడ్వర్డ్స్ బృందం ఇళ్ళ నుంచి స్వయంగా నమూనాలు తెప్పించుకుని చూశాకే నిజం బయటపడింది. అంత డబ్బున్న దేశంలో కూడా ఖర్చు మిగిల్చిన తెలివి చివరికి అంతకు ఎన్నో రెట్లు ఖర్చు తెచ్చింది.

మాక్లూర్, మాణిక్ భండార్, దాస్‌నగర్, అమ్రాద్ ఊళ్ళ వాళ్ళకు ఒక మాట. ఈసారి గ్రామసభలో నీళ్ళ టీడీఎస్ ఎంత అని అడగకండి. ప్రతి నీటి వనరుకు ఏడాదికోసారి రసాయన పరీక్ష, రెండుసార్లు బ్యాక్టీరియా పరీక్ష జరగాలని నిబంధన ఉంది. ఆ కాగితం అడగండి. అందులో ఫ్లోరైడ్, నైట్రేటు, ఈ.కోలి అంకెలు విడివిడిగా ఉన్నాయా, నమూనా ఏ నల్లా దగ్గర ఏ తేదీన తీశారు, కింద సంతకం చేసినవారి చదువేమిటి, అనుభవం ఎంత, ఈ నాలుగూ చూడండి. క్యాను నీళ్ళు అమ్మేవాణ్ణీ ఇదే కాగితం అడగండి. ఆయన జేబులోంచి మళ్ళీ పెన్ను తీస్తే, డబ్బులివ్వకండి.